చల్లబడేటప్పుడొకటి, వేడెక్కేటప్పుడొకటి

కొత్తగా ల్యాబు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ మీటరు ఎలా వాడాలి, ఏ తీగ ఎక్కడ అతికించాలి అని అడుగుతారు. అవి నాలుగు రోజుల్లో చేతులకే వచ్చేస్తాయి. నేను చెప్పాలనుకునేది వేరే ఉంది. మీటరు మీద ఒక అంకె కనబడగానే, ఆ అంకె ఎవరిదో కనుక్కోవడమే ఈ ఉద్యోగం. మీరు కొలవాలనుకున్న వస్తువుదా, దాని పక్కనున్న వస్తువుదా, మధ్యలో ఉన్న తీగదా, లేక మీ ఆశదా?

కడపలో ఒక కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ల్యాబ్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ సంవత్సరం ఏ గ్రేడు ఇచ్చారన్నది ఎవరికీ పనికిరాదు కాబట్టి రాయడం లేదు. పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. అవి రాస్తాను.

మోటారు షాపు నుంచి

నేను డిగ్రీ చదవలేదు. కళాశాలకు రాకముందు బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే షాపులో పనిచేశాను. ఆ పనంతా లెక్కే. ఎన్ని చుట్లు, ఎంత మందం తీగ, చుట్టాక ఎంత నిరోధం. బోరులో నీళ్లు అడుగంటినా మోటారు ఆపకపోతే కాలిపోతుంది. కాలిన మోటారు తెచ్చిన రైతు, అది మళ్లీ తిరిగేదాకా షాపు మెట్ల మీదే కూర్చునేవాడు. నా లెక్క తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది, అతని చెనిక్కాయ పంట ఎండుతుంది. ఒక లెక్కను రెండు దారుల్లో చేసి, రెండు జవాబులూ ఒకటైతేనే నమ్మే అలవాటు నాకు అక్కడ పట్టుకుంది. తరవాత చదివిన పుస్తకాలన్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా చదువుకున్నవే. కానీ ఆ అలవాటును ఏ పుస్తకమూ నేర్పలేదు.

మా విభాగంలో అతివాహకాల మీద పని జరిగేది. బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డు చెప్పడం పూర్తిగా మానేసే పదార్థాలను అతివాహకాలంటారు. పాతకాలపు లోహాలకైతే హీలియం ద్రవం కావాలి, అది మా వంటి ఊళ్లకు అందేది కాదు. ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఒక నల్లటి పింగాణీ లాంటి పదార్థానికి మాత్రం ద్రవ నత్రజని చాలు. అందుకే దాన్ని అధిక ఉష్ణోగ్రత అతివాహకం అంటారు. అధికం అంటే మన వేసవి కాదు, సున్నాకు నూట ఎనభై డిగ్రీలు కింద. ల్యాబులో దాన్ని అన్నిటికన్నా అడుగు చలి నుంచి పైకి లెక్కపెట్టి, సుమారు తొంభై కెల్విన్ అంటాం.

నేను చేరిన కొత్తలో మా ప్రొఫెసర్ చెన్నకేశవులు సార్ ఆ పదార్థంతో చేసిన ఒక నల్లబిళ్ల చేతికిచ్చి నిరోధం కొలవమన్నారు. షాపులో కొలిచినట్టే రెండు తీగలు ఆనించి అంకె చెప్పాను. ఆయన నవ్వారు.

"ఓబులేసూ, నువ్వు బిళ్లను కొలవలేదప్పా. నీ తీగల్ని కొలిచినావు."

తరవాత కూర్చోబెట్టి చెప్పారు. బయటి రెండు తీగల నుంచి కరెంటు పంపాలి. లోపలి రెండు తీగల మధ్య వోల్టేజి చూడాలి. లోపలి తీగల్లో కరెంటు పోదు కాబట్టి వాటి నిరోధం లెక్కలోకి రాదు. నాలుగు తీగలు పెట్టగానే ఆ బిళ్ల నిరోధం నేను చెప్పినదానిలో వందో వంతు కూడా లేదని తేలింది. ఆ మధ్యాహ్నం నేర్చుకున్నంత, ఆ తరవాత ఏ ఒక్క రోజూ నేర్చుకోలేదు. సార్ కోపిష్టి, తొందరమనిషి. కానీ ఒక మోటారు మెకానిక్‌కు పక్కన కూర్చుని కాగితం మీద గీసి చెప్పిన ప్రొఫెసర్ ఆయన. బాసుల గురించి రాసేటప్పుడు రెండూ రాయాలి.

పచ్చబిళ్లలు

ఈ బిళ్లలు వండటం ఒక కళ అని ఎవరైనా అంటే నమ్మకండి. అది ఓపిక, అంతే. పొడులు తూచాలి, అకేట్ రాతి రోలులో నూరాలి, కొలిమిలో కాల్చాలి, మళ్లీ నూరాలి, బిళ్లగా నొక్కాలి, మళ్లీ కాల్చాలి. చివర్లో ఆక్సిజన్ పంపుతూ నిదానంగా చల్లార్చాలి. ఆ నిదానంలోనే పదార్థం కావలసినంత ఆక్సిజన్ పీల్చుకుంటుంది. సరిగ్గా కుదిరితే బొగ్గులా నల్లగా వస్తుంది. వేడి తప్పితే ఆకుపచ్చగా వస్తుంది. పచ్చబిళ్లలో కరెంటు పోనే పోదు.

మాకు పచ్చబిళ్లలే ఎక్కువ వచ్చేవి. కారణం సైన్సు కాదు, కరెంటు కోత. కొలిమి మధ్యలో ఆగిపోతే అందరూ పొడుల నాణ్యతను తిట్టేవాళ్లు. నేను సబ్‌స్టేషన్‌కు పోయి కోత వేళలు అడిగి, కొలిమి ఎక్కాల్సిన వేడిని వాటి మధ్య ఇరికించి గ్రాఫు గీశాను. ఆ తరవాత పచ్చబిళ్లలు అరుదైపోయాయి. ఇది పెద్ద తెలివేమీ కాదు. మన ప్రయోగం మన గది గోడల దగ్గర ఆగదని తెలుసుకోవడం, అంతే.

జంటల లెక్క

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. కర్నూలు పాతబస్తీ నుంచి షమీమ్ అనే అమ్మాయి పరిశోధనకు వచ్చింది. మాట తక్కువ, చేతిపని శుభ్రం. బిళ్లలు ఊరికే విరిగిపోతున్నాయని, పొడిలో కొంచెం వెండి కలిపి వాటిని గట్టిపరచడం ఆమె ఎంచుకున్న పని.

ఒకసారి బయటి నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చి ఉపన్యాసం ఇచ్చారు. విదేశాల్లో పరమాణువుల వాయువును కాంతితోనూ అయస్కాంతాలతోనూ చల్లార్చి, కెల్విన్‌లో కోటి వంతుల్లో ఒక వంతు దాకా దించుతున్నారట. ఆ చలిలో పరమాణువులు జతకడుతున్నాయట. అయస్కాంత క్షేత్రాన్ని కొంచెం అటూ ఇటూ మార్చి ఆ జతల బిగువును కావలసినట్టు పెంచుతున్నారట, తగ్గిస్తున్నారట. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. సగం అర్థమైంది. టీ తాగుతూ షమీమ్‌ను అడిగాను.

"మన బిళ్లలో జతకట్టేవి ఎలక్ట్రాన్లు గదమ్మా. ఆడ పరమాణువులు, ఈడ ఎలక్ట్రాన్లు. రెండూ ఒకటే కథ ఎట్లయితాది?"

"రెండూ ఒకే జాతి, అన్నా. ఒకటి కూర్చున్న చోట ఇంకోటి కూర్చోదు. జతైతే మాత్రం ఆ పట్టింపు పోతాది. అన్నీ కలిసి ఒకే నడకన పోతాయి. ఒంటరిది గుద్దుకుంటా పోతాది, జతలు గుద్దుకోవు."

"జత అంటే పక్కపక్కనే ఉండాలా?"

"అహోబిలం తిరునాళ్లకు పోయినావు గదా. ఆ జనంలో మొగుడొక పక్క, పెండ్లామొక పక్క. మధ్యలో వందమంది. అయినా ఆయన ఎటు తిరిగితే ఆమె అటే తిరుగుతాది. పాత లోహాల్లో జతలు అట్ల ఉంటాయి. ఆ వాయువులో అయస్కాంతం తిప్పితే చెయ్యి చెయ్యి పట్టుకున్నట్ల దగ్గరికొస్తాయి. మన బిళ్ల మధ్యలో యాడనో ఉండాది. ఈ బిళ్లలో వాటిని జతచేసేది ఏందో మాత్రం పెద్దపెద్దోళ్లకే ఇంకా తేలలేదు."

తేలలేదు అని అంత తేలిగ్గా చెప్పగలగడం నాకు నచ్చింది. ఇంటికి పోయి లెక్క వేశాను. ఇలాంటి కణాల గుంపు ప్రతిదానికీ ఒక సొంత వేడి ఉంటుంది. ఎంత చల్లార్చినా అవన్నీ ఒకే చోట కూర్చోలేవు కాబట్టి కొన్ని పరిగెడుతూనే ఉండాలి. ఆ పరుగును ఉష్ణోగ్రతగా మారిస్తే వచ్చేది ఆ సొంత వేడి. జతలు కలిసి నడవడం మొదలుపెట్టే ఉష్ణోగ్రతను ఆ సొంత వేడితో భాగించాను. పాత లోహాల్లో ఒకటైన సీసానికి పదివేలో వంతు కూడా రాలేదు. మా నల్లబిళ్లకు కొన్ని వందో వంతులు వచ్చాయి. ఆ వాయువుకు దాదాపు ఆరో వంతు. అంటే లోకంలోకెల్లా చల్లనైన ఆ వాయువే, తన కొలబద్దతో చూస్తే, అన్నిటికన్నా ఎక్కువ వేడిలో జతకడుతోంది.

మరునాడు కాగితం షమీమ్‌కు చూపించాను. ఆమె చదివి, "నువ్వు భాగహారం చేస్తే గానీ దేన్నీ నమ్మవన్నా" అంది. అది మెచ్చుకోలుగానే తీసుకున్నాను. చల్లన, వేడి అనేవి ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటాయని ఆ భాగహారమే నాకు చెప్పింది. కొద్ది నెలల్లోనే ఆ సంగతి మా ల్యాబులో అసలు పనికి అవసరమైంది.

నూట నాలుగు

ద్రవ నత్రజని మాకు ఎక్కడి నుంచి వచ్చేదో చెప్పాలి. దాని కోసం మా జిల్లాలో ఎవరూ ఫ్యాక్టరీ పెట్టలేదు. ఎద్దుల వీర్యం గడ్డకట్టించి దాచడానికి పశువుల ఆసుపత్రులకు నత్రజని బండి వస్తుంది. ఆ బండే మా క్యానూ నింపిపోయేది. మా అతివాహకాల పరిశోధన అంతా సీమ ఎద్దుల పుణ్యమే. ఎండాకాలంలో క్యాను మూత దగ్గరే సగం ఆవిరైపోయేది.

అందుకని చెన్నకేశవులు సార్ ఒక పద్ధతి పెట్టారు. ఫ్లాస్కు అడుగున కొంచెమే నత్రజని పోసి, బిళ్ల కట్టిన రాడ్డును గబగబా దించి, నిరోధం ఎక్కడ సున్నా అయిందో చూసుకుని, వెంటనే పైకి లాగేయడం. తాగునీళ్లకు ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే కరువు రోజులవి. ఏదైనా చుక్క మిగిల్చినవాడే మంచి పనివాడు. ఆ పద్ధతిని తప్పుపట్టాలని ఎవరికీ తోచలేదు.

రాడ్డు చివర ఒక రాగి దిమ్మె, దాని లోపల థర్మామీటరు. పాత బిళ్లలు మందంగా ఉండేవి, దిమ్మెకు గ్రీజుతో అతుక్కుని కూర్చునేవి. దిమ్మె ఎంత చల్లగా ఉంటే అవీ అంతే. షమీమ్ వెండి కలిపిన బిళ్లను పలచటి ముక్కలుగా కోసింది. గట్టిపడింది కాబట్టి కోయగలిగింది. వాటిని అభ్రకం రేకు మీద పెట్టి దిమ్మెకు కట్టింది.

ఆ వేసవిలో ఆమె ముక్క నూట నాలుగు కెల్విన్ దగ్గర సున్నా చూపించింది. ఈ పదార్థానికి ప్రపంచమంతా కొలిచింది తొంభై ఒకటి, తొంభై రెండు. మళ్లీ దించాం. నూట మూడు. ఇంకో ముక్క. నూట నాలుగు. సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వెండి వల్ల పెరిగిందన్నారు. రాబోయే సెమినార్‌లో షమీమే చదవాలన్నారు. ఆ సాయంత్రమే నలుగురికి ఫోన్ చేసి చెప్పేశారు కూడా.

షమీమ్‌కు స్కాలర్‌షిప్ ఆ వేసవితో అయిపోతుంది. నూట నాలుగు నిజమైతే ఆమె థీసిస్‌ను దేశమంతా చదువుతుంది. అబద్ధమైతే, చెప్పింది సార్ అయినా, కాగితం మీద పేరు ఆమెది. ఎవరో ఒకరు మళ్లీ కొలిచి తొంభై ఒకటే అంటారు. అప్పుడు ఆమె చేసిన మంచి పని కూడా ఆ అంకెతో పాటు పోతుంది.

ఒక రోజు రాడ్డు లాగడం మరిచి భోజనానికి పోయాం. తిరిగొచ్చేసరికి ఫ్లాస్కులో నత్రజని అయిపోయి, దిమ్మె తనంతట తాను నిదానంగా వేడెక్కుతోంది. షమీమ్ మీటరు ముందే నిలబడి చూసింది. నిరోధం తొంభై మూడు దగ్గర తిరిగి వచ్చింది.

"అన్నా, పోయేటప్పుడు నూట నాలుగులో పోతాది. వచ్చేటప్పుడు తొంభై మూడులో వస్తాది. బిళ్ల ఒకటే గదా."

ఇద్దరం రాడ్డు పైకి తీసి చూశాం. అభ్రకం మీద తేలుతున్న పలచటి ముక్క ముందే చల్లబడిపోతుంది. రాగి దిమ్మె బరువైంది, వెనకబడుతుంది. థర్మామీటరు ఉన్నది దిమ్మెలో. నేను దిమ్మె బరువు, దించిన వేగం వేసి లెక్క కట్టాను. పది పన్నెండు డిగ్రీల తేడా సులభంగా వస్తుంది. అది ముక్క ఉష్ణోగ్రత కాదు, దిమ్మెది. రెండు తీగల రోజే మళ్లీ వచ్చింది.

సార్‌కు చెప్పింది షమీమే. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నత్రజని అయిపోయినాక తీసిన అంకె అదొక అంకెనా? ఇన్నేండ్లు ఇదే పద్ధతిలో కొలిచినాం. ఇప్పుడు పద్ధతి తప్పా?"

"పాత బిళ్లలకు తప్పు కాదు సార్. నా ముక్కలకు తప్పు. నిదానంగా దించి, నిదానంగా వేడెక్కనిస్తే తెలిసిపోతాది. రెండూ ఒకటైతే నూట నాలుగు అనే చదువుతా."

ఆయన, "నిదానంగా అంటే క్యాను నిండా కావాల. బండి సెమినార్ అయినాక గానీ రాదు. యాడ తెస్తావు?" అన్నారు.

కొట్టిపారేయకుండా, ఎక్కడ తెస్తావని అడిగారు. ఆ ప్రశ్నకు నేను ఆయన్ను ఇప్పటికీ గౌరవిస్తాను.

వేంపల్లె క్యాను

వేంపల్లె పశువుల ఆసుపత్రిలో వెంకటసుబ్బయ్య కాంపౌండరు. మోటారు షాపు రోజుల నుంచీ నాకు తెలుసు. అతని దగ్గర రెండు క్యాన్లు ఉంటాయి. పొద్దున బస్సులో పోయి సంగతి చెప్పాను.

"ఏమప్పా, నా ఎద్దుల కంటే నీ ఎలక్ట్రాన్లు ఎక్కువైపోయినాయా?"

"ఒక్కసారికే సుబ్బయ్యా. ఆడపిల్ల చదువు."

"చదువంటే ఫీజు కడతారు. ఇదేందప్పా చలి కడతాండారు." నవ్వి, మళ్లీ నవ్వు ఆపేశాడు. "ఈ కరువులో ఆవుల్ని తోలుకొచ్చేవాళ్లు యాడుండారు. సగం మంది అమ్ముకున్యారు. వీర్యం గొట్టాలు మాత్రం ఉండాయి. అవి ఒక్కసారి ఆ చలి నుంచి బయటికొస్తే మళ్లీ పనికిరావు. రేపు వానొచ్చి రైతు ఆవును తెస్తే నేనేం చెప్పల్ల?"

అతని మాటలో తప్పేమీ లేదు. లేచి బయల్దేరబోయాను.

"కూర్చోప్పా, పోతాండావే. లేదనలేదు గదా."

లోపలికి పోయి డాక్టరమ్మతో మాట్లాడి వచ్చాడు. ఒక క్యాను మూత తీసి, అందులోని గొట్టాలను పట్టకారుతో కట్టలుగా ఎత్తి, క్షణం కూడా బయట ఉంచకుండా రెండో క్యాన్లోకి దించాడు. కట్ట దించిన ప్రతిసారీ పొగ లేచేది. అతను ఊపిరి బిగబట్టి చేశాడు. నేనూ బిగబట్టి చూశాను. చివరి కట్ట దిగాక రెండో క్యానులో ఇంకో గొట్టానికి చోటు లేదు. మొదటి క్యాను నాకు ఇచ్చాడు.

"పోసుకోని క్యాను తెచ్చియ్యి. మూత గట్టిగా బిగించొద్దు, తెలుసు గదా, పగుల్తాది."

బస్సులో కిటికీ పక్కన పెట్టుకున్నాను. మూత సందులోంచి తెల్లటి ఆవిరి కారుతుంటే కండక్టరు వచ్చి నిలబడ్డాడు.

"ఏందప్పా అది, పొగొస్తాండాది?"

"పొగ కాదు, చలి."

మే నెలలో ఆ మాట విని అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అయితే దాన్ని డ్రైవరు పక్కన పెట్టు" అన్నాడు. వెనక సీటు నుంచి ఒకామె, "మా పక్కనే ఉండనీలేప్పా" అంది.

రెండు గీతలు

ఈసారి థర్మామీటరును దిమ్మెలోంచి తీసి, ముక్క పక్కనే, అదే అభ్రకం రేకు మీద అతికించాను. ఫ్లాస్కు నిండా పోశాం. రాడ్డును చెయ్యి కదిలినట్టే తెలియనంత నిదానంగా షమీమ్ దించింది. నేను అంకెలు చెబుతుంటే, సార్ స్వయంగా గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టారు. నూట నాలుగు వచ్చింది, వెళ్లింది. నిరోధం అలాగే ఉంది. సార్ పెన్సిలు ఆగింది.

"చెప్పు" అన్నారు.

తొంభై రెండు దగ్గర పడటం మొదలైంది. తొంభై ఒకటికి సున్నా.

తరవాత నత్రజనిని దాని దారిన దాన్ని ఆవిరి కానిచ్చాం. వేడెక్కించడానికి ఏ ఖర్చూ లేదు, కూర్చోవడమే. చుక్కలు వెనక్కి నడిచి, పాత చుక్కల మీదే పడ్డాయి. రెండు గీతలు ఒక్క గీత అయ్యాయి. సార్ పెన్సిలు కింద పెట్టి, కాగితాన్ని షమీమ్ వైపు తిప్పారు.

"అమ్మా షమీమ్, వెండి ఇంత పోసినా తొంభై ఒకటి తగ్గలేదు చూడు. బిళ్ల గట్టిపడింది, కరెంటు ఎక్కువ మోస్తాంది, చలి మాత్రం అదే. ఇదే నీ థీసిస్."

సెమినార్‌లో షమీమ్ చదివింది. ఆమె చదివాక సార్ లేచి, నూట నాలుగు గీతను కూడా ప్రొజెక్టరు అద్దం మీద వేసి చూపించారు. మేం ఎలా మోసపోయామో, ఎందుకు మోసపోయామో తానే చెప్పారు. ఫోన్‌లో వార్త విన్న నలుగురూ ముందు వరసలోనే ఉన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడుతుంటే మా విభాగంలో పనిచేస్తున్నందుకు నాకు కలిగినంత గర్వం మరెప్పుడూ కలగలేదు. ఆ తరవాత మా ల్యాబు నుంచి ఏ అంకె బయటికి పోయినా, కింద రెండు గీతలుండేవి. చల్లబడేటప్పుడొకటి, వేడెక్కేటప్పుడొకటి. ఇప్పుడు చేరే పిల్లలకు నేను ఇచ్చేది ఇదే. ఆదా చెయ్యండి. ఎక్కడ చేసినా కొలతలో మాత్రం చెయ్యకండి.

వైవా అయిపోయి షమీమ్‌కు పట్టా ఖాయమైన వారంలో ఇద్దరం వేంపల్లె పోయాం. ఆమె తన బిళ్లల్లో ఒకటి, చిన్న అయస్కాంతం ఒకటి తెచ్చింది. వెంకటసుబ్బయ్య థర్మోకోల్ గిన్నెలో బిళ్ల పెట్టి తన నత్రజనే పోశాడు. బుడగలు అణిగాక షమీమ్ అయస్కాంతాన్ని బిళ్ల మీద వదిలింది. అది కింద పడకుండా గాలిలో నిలబడింది. వేలితో తడితే తిరిగింది. సుబ్బయ్య వంగి, బిళ్లకూ అయస్కాంతానికీ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి చూశాడు.

"ఇది ఎంతలో ఐతాదమ్మా?"

"తొంభై ఒకటిలో, సుబ్బయ్యన్నా. ముందు నూట నాలుగు అనుకున్యాం. కాదు."

"నా నత్రజని ఎంత?"

"డెబ్బై ఏడు."

అతను మనసులో తీసివేత చేశాడు. అయస్కాంతం ఇంకా తిరుగుతూనే ఉంది.

"పద్నాలుగు మిగుల్తాండాది గదప్పా ఓబులేసూ," అన్నాడు. "ఇంక ఆ నూట నాలుగు ఏమిటికి?"